రైలు వెళ్లిపోయింది... దారి మిగిలింది!

ఇంగ్లాండ్ ఈశాన్య తీరంలో స్కార్‌బరో అని ఓ సముద్రపు ఊరు. అక్కడ ఒక సూపర్‌మార్కెట్ వెనకనుంచి సన్నటి బాట ఒకటి మొదలవుతుంది. చూడ్డానికి ఏమంత విశేషం లేదు. కుక్కని తిప్పుతున్న పెద్దాయనా, సైకిళ్ల మీద బడికి పోయే పిల్లలూ కనిపిస్తారు. ఇళ్ల పెరళ్ల మధ్య నుంచి సాగే ఆ బాటని వదలకుండా నడుచుకుంటూ పోతే మాత్రం అడవులు, కొండ అంచులు, సముద్రం, దొంగసరుకు దాచిన పల్లెలు దాటించి 34 కిలోమీటర్ల అవతల విట్‌బీ అనే రేవు ఊరికి చేరుస్తుంది. ఇంత పొడుగు దారిలో ఎక్కడా మోకాళ్లు పట్టేసేంత ఎత్తు ఉండదు. ఎందుకంటే దీన్ని మనుషుల కోసం వెయ్యలేదు. ఇది ఒకప్పటి రైలుమార్గం.

దీని పేరు సిండర్ ట్రాక్. సిండర్ అంటే కాలగా మిగిలిన బొగ్గు గడ్డ. రైలు పట్టాల కింద మామూలుగా కంకర పరుస్తారు కదా, ఇక్కడ దానికి బదులు ఆ కాలిన బొగ్గు పరిచారు. రైళ్లు ఆగిపోయి అరవై ఏళ్లు దాటినా కొన్నిచోట్ల వాన వెలిశాక నల్లటి పొడి బూట్లకి అంటుకుంటుంది. పేరు అలా నిలిచిపోయింది.

ఈ రైలుమార్గానికి పుట్టుకలోనే కష్టాలున్నాయి. 1872లో పనులు మొదలుపెట్టారు. అయిదేళ్లు తిరక్కుండానే డబ్బు అయిపోయింది. మళ్లీ కొత్తగా పెట్టుబడి పోగేసి, ఆగిన చోటునుంచి పని అందుకుని, 1885 జూలై 16న మొదటి రైలు నడిపారు. ఉన్నది ఒక్కటే లైను. ఎండాకాలం సెలవుల్లో పెట్టెలన్నీ కిటకిటలాడేవి. కిటికీలోంచి సముద్రం చూడటానికే టిక్కెట్టు కొనేవాళ్లు. చలికాలం వస్తే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఏడాదిలో నాలుగు నెలల ముచ్చటతో రైలు ఎన్నాళ్లని నడుస్తుంది? బ్రిటన్‌లో నష్టాలొచ్చే లైన్లన్నీ మూసెయ్యాలంటూ 1963లో డాక్టర్ బీచింగ్ ఇచ్చిన నివేదికలో ఇదీ ఉంది. 1965 మార్చిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది. తర్వాత పట్టాలు పీకి పట్టుకుపోయారు.

మన దగ్గర కాకినాడ - కోటిపల్లి లైనుకీ ఇలాంటి గతే పట్టింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పట్టాలు ఊడబీకేశారు. అయితే అక్కడ 2004లో మళ్లీ రైలొచ్చింది. ఇక్కడ రాలేదు. బ్రిటన్‌లో మూతపడిన చాలా లైన్ల నేల ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయింది. రైతులు పొలాల్లో కలుపుకున్నారు, ఊళ్లలో ఇళ్లు లేచాయి. ఈ లైను అలా చెదిరిపోకుండా స్థానిక కౌన్సిల్ కొనేసి నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ, గుర్రాలమీద వెళ్లేవాళ్లకీ వదిలేసింది. ఇప్పుడిది ఆ దేశపు జాతీయ సైకిల్ మార్గాల్లో ఒకటో నంబరు దాంట్లో భాగం.

సైకిలు మీదైతే ఒక్క రోజులో పూర్తిచెయ్యొచ్చు. నడిచేవాళ్లు రెండు రోజులు పెట్టుకుంటేనే బాగుంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి మొత్తం నడవాలన్న పంతం అక్కర్లేదు. రెండు ఊళ్ల మధ్యా బస్సు తిరుగుతుంది కాబట్టి నచ్చిన ముక్క నడిచి వెనక్కి వచ్చెయ్యొచ్చు. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో ఎక్కితే రెండు గంటల్లో యార్క్, అక్కడ రైలు మారితే గంటలోపు స్కార్‌బరో. ఆ స్టేషన్లో దిగగానే ప్లాట్‌ఫాం మీద ఓ బెంచీ ఉంటుంది, 139 మీటర్ల పొడుగు! రైల్వే బెంచీల్లో ప్రపంచంలో ఇదే పొడుగైందని ఊరివాళ్ల గొప్ప. ఓసారి కూర్చుని లేస్తే నడకకి శుభారంభమే.

ఊరు దాటాక మొదటి పెద్ద మజిలీ క్లౌటన్. పాత స్టేషన్ భవనం ఇప్పుడు టీ దుకాణం, బస. ప్లాట్‌ఫాం అలాగే ఉంది. రైలు నిలిచేచోట పచ్చగడ్డి నిలిచింది. ఇంకాస్త ముందుకెళ్తే చెట్లు రెండువైపులా నుంచీ కమ్ముకుంటాయి. మే నెలలో అయితే ముళ్లపొదలన్నీ తెల్లటి పూలతో నురగ పొంగినట్లుంటాయి. ఆగస్టు చివర్లో వెళ్తే బ్లాక్‌బెర్రీలు. నోరూ వేళ్లూ ఊదారంగులోకి మారిపోయిన పిల్లలు దారిపొడుగునా కనిపిస్తారు. మన పల్లెల్లో నేరేడుపళ్ల కాలం గుర్తురాక మానదు.

హేబర్న్ వైక్ దగ్గర బాట వదిలి కాసేపు కిందికి దిగాలి. ఓక్ చెట్ల లోయలోంచి వచ్చిన వాగు నేరుగా సముద్రపు ఒడ్డున ఉన్న గుండ్రాళ్ల మీదికి దూకుతుంది. జలపాతమూ, కెరటాలూ ఒకే చోట! జలపాతం మరీ పెద్దదేం కాదు, మన కుంతల చూసినవాళ్లు పెదవి విరుస్తారు. అయినా అక్కడ కూర్చుంటే రెండు రకాల నీటి చప్పుడు వినిపిస్తుంది, ఒకటి ఆగకుండా, ఇంకొకటి ఆగి ఆగి. ఇప్పుడది వన్యప్రాణుల సంరక్షణ సంస్థ చూసుకునే అడవి. తిరిగి పైకెక్కడం మాత్రం ఆయాసమే.

అక్కణ్నుంచి దారి మెల్లగా ఎత్తుకెక్కుతూ రావెన్స్‌కార్ చేరుతుంది. ఈ మార్గంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు ఇదే. రైలు స్టేషనే సముద్రమట్టానికి 631 అడుగుల ఎత్తున ఉండేది. అన్నిటికంటే ఆలోచింపజేసే చోటు కూడా ఇదే.

స్టేషన్ ఎదురుగా ఓ చౌరస్తా. దానికి ఓ పక్క కొన్ని భవనాలు. వాటిని చూస్తే చుట్టూ ఓ పట్టణం ఉండాలనిపిస్తుంది. రెండడుగులు వేస్తే పట్టణం లేదు, పొలాలు. ఆ పొలాల్లోకి తిన్నగా గీత గీసినట్లు వెడల్పాటి దారులు పోతాయి. గడ్డి తొలగించి చూస్తే అంచున రోడ్డుకి పేర్చిన రాళ్లు. ఓ దారి పేరు ‘మెరైన్ ఎస్ప్లనేడ్’. సాయంత్రాలు పెద్దమనుషులు గొడుగులు పట్టుకుని షికారు చెయ్యాల్సిన రహదారి అది. ఇప్పుడు అక్కడ గొర్రెలు షికారు చేస్తాయి.

కథేమిటంటే, అప్పట్లో ఈ ఊరి పేరు పీక్. 1890ల్లో ఓ కంపెనీ ఈ కొండంతా కొనేసింది. స్కార్‌బరోని, విట్‌బీని మించిన విహార పట్టణం కట్టాలని పథకం. పాత పేరు ఆకర్షణీయంగా లేదనుకున్నారో ఏమో, 1897లో రావెన్స్‌కార్ అని మార్చారు. రోడ్లు వేశారు. భూమిలో మురుగు గొట్టాలు పాతారు. నేలని వందల ప్లాట్లుగా కోసి వేలం పెట్టారు. కొనేవాళ్ల కోసం ప్రత్యేక రైళ్లు నడిపారు. హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్లకి ఆదివారంపూట వ్యాన్లలో వెళ్లొచ్చినవాళ్లకి ఈ సీను కొత్తగా చెప్పక్కర్లేదు!

చాలామంది కొన్నారు. కష్టపడి కూడబెట్టిన డబ్బులు పెట్టారు. ఇళ్లు కట్టుకున్నవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది. కారణం కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, ఆ చౌరస్తాలో పావుగంట నిలబడితే చాలు. గాలి మనిషిని నెట్టేస్తుంది. సముద్రం కనిపిస్తుంది కానీ వందల అడుగుల కింద. నిట్టనిలువు దారిలో పడుతూ లేస్తూ దిగితే దొరికేది ఇసుక కాదు, పాచిపట్టిన బండలు. స్నానానికి వెళ్లిన కుటుంబం తిరిగి ఇంటికి ఎక్కేసరికి ఇంకో స్నానం చెయ్యాలి. 1913 వచ్చేసరికి కంపెనీ దివాళా తీసింది. ప్లాట్లు కొన్నవాళ్లలో కొందరు ఏళ్లతరబడి కాగితాలు దాచుకుని ఉంటారు, ఎప్పటికైనా ధర రాకపోతుందా అని. ఆ ధర రాలేదు. ఇంగ్లాండ్‌లో దీన్ని ‘ఎప్పటికీ పుట్టని ఊరు’ అంటారు.

ఆ వెంచర్ గనక నిలబడి ఉంటే ఇవాళ ఈ కొండ నిండా హోటళ్లు, ఐస్‌క్రీం బళ్లు, పార్కింగు. రైలుకి ప్రయాణికులూ దొరికేవాళ్లు, లైను మూతపడేది కాదేమో కూడా. అప్పుడు ఈ బాటే ఉండేది కాదు. ఎదుట కనిపించే పచ్చటి కొండ అంచు వెనక ఎంతమంది పోగొట్టుకున్న డబ్బుందో, అక్కడి టీ దుకాణంలో కేకు తింటున్న యాత్రికులకి బహుశా తట్టదు.

రావెన్స్‌కార్ దాటగానే కింద కొండ వాలులో తవ్వేసిన పెద్ద గుంట కనిపిస్తుంది. అది పట్టణం కంటే పాత కథ. 1650 నుంచి 1862 దాకా, అంటే రెండు వందల ఏళ్లకి పైగా, ఇక్కడ పటిక తయారుచేశారు. మనకి పటిక అంటే గడ్డం గీసుకున్నాక రుద్దుకునేదీ, వరదనీళ్లు తేరడానికి బిందెలో తిప్పేదీ, దిష్టికి గుమ్మానికి కట్టేదీ. ఆనాటి యూరప్‌కి అది బట్టల వ్యాపారానికి ప్రాణం. ఉన్నికి రంగు పట్టి నిలవాలంటే పటిక కావాలి. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఈ సంగతి తెలుసు. పటిక అద్దిన చోటే ఎర్రరంగు పట్టుకుంటుంది, మిగతా చోట కడిగితే పోతుంది. సముద్రానికి అటూ ఇటూ పని ఒకటే.

తయారీ మాత్రం వింటే ఒళ్లు జలదరిస్తుంది. కొండలోంచి పలకరాయి తవ్వి, కట్టెల మీద గుట్టగా పోసి నిప్పుపెట్టేవాళ్లు. ఆ గుట్టలు నెలలతరబడి రగులుతూనే ఉండేవి. కాలిన రాయిని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లని మరగబెట్టి, అందులో కలిపేవాళ్లు... మనుషుల మూత్రం! అందులో ఉండే అమ్మోనియా కోసం. స్థానికంగా సరిపోక లండన్, న్యూకాజిల్ ఊళ్లనుంచి పీపాల్లో ఓడలమీద తెప్పించేవాళ్లు. మూత్రం వద్దనుకుంటే సముద్రపు నాచు కాల్చిన బూడిద. పాకం సరిగ్గా కుదిరిందా లేదా అన్నది చూడటానికి కోడిగుడ్డు వేసేవాళ్లట, తేలితే కుదిరినట్లు. ఒక టన్ను పటిక చేతికి రావాలంటే పదుల టన్నుల రాయి పోవాలి. కొండ అంత లోతుకి తరిగిపోయింది అందుకే. 1845లో గనుల వ్యర్థాల నుంచి చవగ్గా పటిక చేసే పద్ధతి వచ్చాక ఈ పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. శిథిలాలు ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్నాయి. పొగతో నిండిపోయిన ఆ కొండమీద ఇవాళ పసుపు పూల పొదలు, వాటి మధ్య తేనెటీగలు.

ఇక్కణ్నుంచి దిగుడు. వాలు ముప్ఫైతొమ్మిదికి ఒకటి, అంటే 39 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు ఎత్తు తేడా. నడిచేవాళ్ల కాళ్లకి ఇది లెక్కేకాదు. రైలు ఇంజిన్‌కి మాత్రం చుక్కలు చూపించింది. వేసవిలో కూడా సముద్రం మీదినుంచి చల్లటి పొగమంచు హఠాత్తుగా ఒడ్డుకి కమ్ముకొస్తుంది, అక్కడివాళ్లు ‘సీ ఫ్రెట్’ అంటారు. ఆ తడికి పట్టాలు జారేవి. ఎదురెక్కే రైలు చక్రాలు ఉన్నచోటే తిరిగి, బండి ఆగిపోయేది. డ్రైవరు వెనక్కి పోనిచ్చి, ఊపు తెచ్చుకుని మళ్లీ ఎక్కించేవాడు. లోపల కూర్చున్నవాళ్లకి ఒకే సముద్రం రెండుసార్లు చూసే అవకాశం అన్నమాట.

ఆ సముద్రం రెండుసార్లేం, ఎన్నిసార్లయినా చూడొచ్చు. వంపు తిరగ్గానే రాబిన్ హుడ్స్ బే మొత్తం కళ్లముందు పరుచుకుంటుంది. ఆటు సమయంలో అయితే ఒడ్డంతా వంపులు వంపులుగా రాతి గీతలు బయటపడతాయి, ఎవరో పెద్ద దువ్వెనతో దువ్వినట్లు. జురాసిక్ కాలపు రాయి అది. అందులో గుండ్రంగా చుట్టుకున్న అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. రావెన్స్‌కార్ కొండ అడుగున బండల మీద సీల్స్ బద్ధకంగా పడుకుని ఉంటాయి. దగ్గరికెళ్తే బెదిరి నీళ్లలోకి దూకేస్తాయి, పిల్లల్ని వదిలేసి కూడా. దూరంనుంచి చూడటమే మర్యాద.

రాత్రి బసకి రాబిన్ హుడ్స్ బే ఊరు సరైన చోటు. రాబిన్ హుడ్‌కీ ఈ ఊరికీ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదు, పేరు మాత్రం అలా ఉండిపోయింది. అసలు హీరోలు స్మగ్లర్లు. కొండ చీలికలో ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన ఇళ్లు, మనిషి పట్టేంత సందులు. 18వ శతాబ్దంలో టీ, పట్టు, సారా దొంగచాటుగా ఇక్కడే దిగేవి. కింద ఒడ్డున దించిన పట్టుబేలు సూర్యుడి కంట పడకుండా ఇంట్లోంచి ఇంట్లోకి చేతులు మారి ఊరి పైకి చేరేదట. నమ్మడమా మానడమా అన్నది ఆ సందుల్లో ఓసారి నడిచి తేల్చుకోవాల్సిందే.

ఊరి రేవు దగ్గర ఓ ఫలకం ఉంది. స్మగ్లర్ల కథలకోసం వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా వెళ్లిపోతుంటారు. 1881 జనవరి. రైలు రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. భీకరమైన మంచు తుపానులో బొగ్గుతో వెళ్తున్న ‘విజిటర్’ అనే ఓడ ఇక్కడ మునిగిపోయింది. ఆరుగురు నావికులు చిన్న పడవలోకి దిగి అలల మధ్య చిక్కుకున్నారు. కాపాడే పడవ విట్‌బీలో ఉంది. ఆ సముద్రంలో తెడ్లు వేసుకుంటూ రావడం అసాధ్యం. మరేం చెయ్యాలి? పడవని నేలమీద లాక్కొద్దామన్నారు! మధ్యలో ఆరు మైళ్లు కొండదారి, చాలాచోట్ల మనిషి మునిగేంత మంచు. పద్దెనిమిది గుర్రాలు కట్టారు. దాదాపు రెండువందలమంది చెయ్యివేశారు. ఇవతలినుంచి ఈ ఊరివాళ్లు, అవతలినుంచి విట్‌బీవాళ్లు పారలతో మంచు తోడుకుంటూ ఎదురెళ్లారు. చివరికి ఇవాళ యాత్రికులు మెల్లగా చూసుకుంటూ దిగే ఆ నిటారు వీధిలోంచి పడవని తాళ్లతో పట్టి కిందికి దించారు. మొదటిసారి వెళ్లినప్పుడు కెరటానికి తెడ్లు విరిగి వెనక్కి రావాల్సి వచ్చింది. మనుషుల్ని పెంచుకుని రెండోసారి వెళ్లారు. ఆరుగురూ ప్రాణాలతో ఒడ్డుకి చేరారు.

వాళ్లు ఆ రోజు మంచు తోడుతూ చావోరేవో అన్నట్లు వచ్చిన ఆ ఆరు మైళ్లే, రెండోరోజు పొద్దున యాత్రికులు వ్యతిరేక దిశలో సరదాగా నడిచేది. దారీ వేరు, కాలమూ వేరు.

ఈ భాగంలో బాట గురించి ఓ గొడవ కూడా నడిచింది. వాన పడితే కొన్నిచోట్ల బురద, గుంటలు. సైకిలు కూరుకుపోతుంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2017 ప్రాంతంలో బాటని బాగుచేసి చాలామేర తారు వెయ్యాలన్న ప్రతిపాదన వచ్చింది. స్థానికుల్లో చాలామంది భగ్గుమన్నారు. తారేస్తే ఇక అది మామూలు రోడ్డే, సైకిళ్లు దూసుకుపోతాయి, గుర్రాల కాళ్లు జారతాయి, అంచుల్లో చెట్లూ పూలూ పోతాయి అని. పథకాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. తర్వాతి ఏళ్లలో కొన్ని భాగాలు చదునుచేశారు, కొన్ని ఇంకా పాత నలుపుతోనే ఉన్నాయి. ఎవరి మాట న్యాయం అంటే చెప్పడం కష్టం. ముసలి తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చిన కొడుకుని అడిగితే ఒక జవాబు వస్తుంది, అక్కడే పాతికేళ్లుగా పక్షుల్ని చూస్తున్న మనిషిని అడిగితే ఇంకోటి.

హాస్కర్ దాటాక కుడిచేతివైపు సముద్రం దూరమవుతుంది. ఎదురుగా విట్‌బీ కొండమీద పాడుబడిన మఠం గోడలు కనిపిస్తాయి. కెప్టెన్ కుక్ కుర్రతనంలో ఓడ పని నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. 1890లో బ్రామ్ స్టోకర్ సెలవులకి వచ్చి ఈ మఠాన్నీ, మెట్లనీ చూసి వెళ్లాకే ‘డ్రాకులా’లో విట్‌బీ చోటుచేసుకుంది.

ఊళ్లోకి అడుగుపెట్టే ముందు ఎస్క్ నది. దానిమీద లార్‌పూల్ వంతెన. పదమూడు కమానులు, దాదాపు 280 మీటర్ల పొడుగు, నదికి 120 అడుగుల ఎత్తు. ఇనుము కాదు, మొత్తం ఇటుకే. సుమారు యాభై లక్షల ఇటుకలు పట్టాయంటారు. 1882లో మొదలుపెట్టి రెండేళ్లలో లేపారు. రైళ్లు దీనిమీద నడిచింది ఎనభై ఏళ్లే. ఇప్పుడు నడిచేవాళ్లదీ సైకిళ్లదీ.

పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడితే కింద నది, పడవలు, నది పక్కనే ఒంటి పట్టాల లైను. అప్పట్లో విట్‌బీకి నాలుగు దిక్కులనుంచీ రైళ్లొచ్చేవి. 1958లో ఒకటి, 1965లో రెండు పోయాయి. ఎస్క్ లోయలోంచి మిడిల్స్‌బరో వెళ్లే ఈ ఒక్క లైను మిగిలింది. రోజుకి ఏ కొన్నిసార్లో రెండు పెట్టెల బండి ఒకటి ఆ కమానుల కింద నుంచి వెళ్తుంది. వంతెన మీద సైకిలు ఆపిన పిల్లలు చేతులూపుతారు. డ్రైవరు చూస్తే ఓ కూత వేసి పోతాడు.